చూసినందుకు డబ్బులా?

"అన్నా, ఊరికే చూడ్డానికే 165 డాలర్లంట. బాగుచెయ్యడానికి మళ్లీ వేరేగా ఇవ్వాలంట."

2023 మార్చిలో ఒక సాయంత్రం మావాడు ఫోన్లో అన్న మాట ఇది. మావాడంటే సొంత తమ్ముడేం కాదు, కాలేజీలో నాకు నాలుగేళ్లు జూనియరు. నాలాగే డెన్వర్లో ఉండేవాడు. పదహారేళ్లుగా బగ్గులు వెతకడమే వృత్తిగా పొట్టపోసుకుంటున్న నేను వాడికిచ్చిన సలహా ఏంటంటే, "చూసినందుకు డబ్బులేంట్రా, దోపిడీ కాకపోతే! ఫ్రీగా చూసేవాళ్లు బోలెడుమంది ఉన్నారు, అక్కడికి తీసుకెళ్లు."

ఆ ఒక్క మాట ఖరీదు 4,200 డాలర్లు. కట్టింది నేను కాదు, వాడు. అదీ ఉద్యోగం పోయిన మూడో వారంలో.

అందుకే ఈ టపా. ఇందులో మెకానిక్కులకి కొంచెం, నాకు బాగా, మీకు కూడా కాస్త వడ్డన ఉంటుంది. ముందే చెప్తున్నా, తర్వాత అలగొద్దు :)

ముందు బండి సంగతి. 2001 మోడల్ ఫోర్ వీల్ డ్రైవ్, ఆటోమేటిక్. కంపెనీ పేరు అనవసరం, ఈ కథలో వాళ్ల తప్పేం లేదు. లక్షా డెబ్భై వేల మైళ్లు తిరిగిన బండి. కొలరాడో మంచుకీ కొండలకీ పనికొస్తుందని, ఇండియా వెళ్లిపోతున్న ఒకాయన దగ్గర కొన్నాడు. ఐ-70 మీద ఐసెన్‌హోవర్ టన్నెల్ దాకా, అంటే 11 వేల అడుగుల పైకి, మమ్మల్నీ మా పిల్లల్నీ ఎక్కించుకుని ఎన్నోసార్లు ఎక్కింది. ఒక్కసారి కూడా ముక్కలేదు, మూలగలేదు.

ఆ మార్చిలో మొదలైన లక్షణాలు మూడు.

ఒకటి, సిగ్నల్ దగ్గర ఆగి మళ్లీ కదిలేటప్పుడు కింద నుంచి "దబ్" మని ఒక చప్పుడు, వెనక నుంచి ఎవరో తట్టినట్టు. రెండు, నలభై, నలభై అయిదు మైళ్ల వేగంలో ఉన్నట్టుండి గేరు కిందకి పడి కుదుపు, ఓవర్‌డ్రైవ్ లైటు మిణుకుమిణుకు, ఆ తర్వాత ఎంత తొక్కినా పై గేరు పడకపోవడం. ఇంజన్ ఆపి మళ్లీ స్టార్ట్ చేస్తే మామూలే. మూడోది వాడు మాటల మధ్యలో అన్నాడు: "అన్నా, కుదుపు వచ్చినప్పుడల్లా స్పీడోమీటర్ ముల్లు కూడా ఒక్కసారి కిందకి పడి లేస్తోంది."

ఈ మూడో వాక్యంలోనే రోగం పేరు ఉంది. ఆఫీసులో ఎవరైనా యూజర్ ఇలాంటి మాట అంటే నేను చెవులు రిక్కించి వింటాను. రెండు వేర్వేరు స్క్రీన్లలో ఒకే క్షణంలో తప్పు కనిపిస్తోందంటే రెండిటికీ కింద ఉన్న ఒకే డేటా సోర్స్ చూడమని జూనియర్లకి పాఠాలు చెప్తాను. ఆ రోజు మాత్రం "ముల్లు సంగతి తర్వాత చూద్దాంలే, ముందు గేర్‌బాక్స్ చూపించు" అన్నాను. గేర్‌బాక్స్ అన్న మాట ముందు వాడింది నేనే. రోగి నోట్లో రోగం పేరు నేనే పెట్టాను.

ఫ్రీగా చూసే చోట ఇరవై నిమిషాలు చూశారు. ఒక చిన్న రీడర్ పెట్టారు, పి0700 అని కోడ్ వచ్చింది. పార్కింగ్ లాట్లో ఒక చుట్టు తిప్పారు. ఆయిల్ ఒక చుక్క టిష్యూ మీద వేసి "రంగు చూడండి, నల్లబడింది" అన్నారు. గేర్‌బాక్స్ లోపల పోయింది, మొత్తం మార్చాలి, రీబిల్ట్‌ది వేస్తే 4,200, మూడేళ్ల వారంటీ అన్నారు. వాడు నాకు ఫోన్ చేశాడు. "లక్షా డెబ్భై వేలు కదరా, ఎప్పటికైనా పోయేదే, వేయించెయ్" అన్నాను.

ఇప్పుడు ఆ పి0700 ఏంటో వినండి. అమెరికాలో 1996 మోడల్ నుంచి అమ్మిన కార్లన్నిటికీ ఓబీడీ-2 తప్పనిసరి. అందులో పి0700 అంటే "గేర్‌బాక్స్ కంప్యూటర్ దగ్గర ఏదో ఫిర్యాదు ఉంది, వెళ్లి అక్కడ అడుగు" అని ఇంజన్ కంప్యూటర్ చెప్పే మాట. అంతే. అసలు ఫిర్యాదు గేర్‌బాక్స్ కంప్యూటర్లో వేరే కోడ్‌గా ఉంటుంది. పి0705 అయితే గేర్ లివర్ ఎక్కడుందో చెప్పే స్విచ్, పి0720 అయితే అవుట్‌పుట్ స్పీడ్ సెన్సార్ సర్క్యూట్, పి0740 అయితే టార్క్ కన్వర్టర్ క్లచ్ సర్క్యూట్. చవక రీడర్లు చాలావాటికి ఆ లోపలి కోడ్ చదవడం రాదు. మన భాషలో చెప్పాలంటే పి0700 అనేది హెచ్‌టీటీపీ 500. 500 ఎర్రర్ చూసి, లాగ్ తెరవకుండా, "సర్వర్ మొత్తం కొత్తది కొనండి" అన్నవాణ్ణి మన టీమ్‌లో ఎన్నాళ్లు ఉంచుకుంటాం? నేను మాత్రం ఆ మాటకి "వేయించెయ్" అన్నాను.

ఇంకో సంగతి, లోపలి కోడ్ దొరికినా అది భాగం పేరు చెప్పదు, సర్క్యూట్ పేరు చెప్తుంది. సోలినాయిడ్ సర్క్యూట్‌లో లోపం అంటే సోలినాయిడ్ కావచ్చు, దాని వైరు కావచ్చు, కనెక్టర్‌లో తుప్పు కావచ్చు, గ్రౌండ్ వదులు కావచ్చు. మల్టీమీటర్ పెట్టకుండా ఏదో చెప్పడం జాతకం చెప్పడమే.

సరే, గేర్‌బాక్స్ మార్చారు. తొమ్మిది రోజులు బండి బంగారంలా నడిచింది. "చూశావా" అని నేను గొప్పగా అన్నాను కూడా. పదో రోజు వాడు కొలరాడో స్ప్రింగ్స్‌లో ఆఖరి రౌండ్ ఇంటర్వ్యూకి బయల్దేరాడు. ఐ-25 మీద కాసిల్ రాక్ దాటాక అదే కుదుపు, అదే లైటు, అదే ముల్లు. నలభై అయిదు మైళ్ల వేగంతో కుడి లేన్‌లో ఈడ్చుకుంటూ వెళ్లి నలభై నిమిషాలు ఆలస్యంగా చేరాడు. ఆ ఉద్యోగం రాలేదు. ఆలస్యం వల్లే రాలేదని నేననను, అదీ పరీక్ష చెయ్యకుండా చెప్పే మాటే అవుతుంది. కానీ ఆ రోజు రాత్రి వాడి గొంతు నాకు ఇంకా గుర్తుంది. హెచ్-1బీ వాళ్లకి ఉద్యోగం పోతే 60 రోజుల గడువని మీకు నేను చెప్పక్కర్లేదు. అప్పటికి 32 రోజులు అయిపోయాయి.

మార్చిన చోటికి తీసుకెళ్తే "మా గేర్‌బాక్స్ బ్రహ్మాండంగా ఉంది, ఇది కంప్యూటర్ సమస్య, ఇంకో 900 అవుతుంది" అన్నారు. అప్పుడు సిగ్గు విడిచి, నేనే దగ్గరుండి, ఆ 165 డాలర్ల ఆయన దగ్గరికి తీసుకెళ్లాను.

ఆయన ముందు బానెట్ ఎత్తలేదు. కాగితం తీసి ప్రశ్నలు అడిగాడు. చల్లగా ఉన్నప్పుడా, వేడెక్కాకా? ఎంత వేగంలో? ఎత్తు ఎక్కేటప్పుడా, గుంతల్లోనా? అప్పుడు డాష్‌బోర్డులో ఇంకేం మారుతుంది? మావాడు ముల్లు సంగతి చెప్పాడు. ఆయన పెన్ను ఆగింది. "ముందు దీన్ని చూద్దాం" అన్నాడు.

మంచి స్కానర్ తగిలించి మావాడి చేతే నడిపిస్తూ పక్కన కూర్చున్నాడు. నేను వెనక సీట్లో. నలభై మూడు మైళ్ల వేగంలో గతుకు మీద నుంచి వెళ్లగానే గ్రాఫ్‌లో అవుట్‌పుట్ స్పీడ్ సున్నాకి పడింది. చక్రాలు నలభై మూడులో తిరుగుతున్నాయి, కంప్యూటర్‌కి మాత్రం బండి నిలబడి ఉందని కబురందింది. నిలబడ్డ బండికి వెయ్యాల్సిన గేరు వెయ్యబోయింది, లెక్క కుదరక భయపడి సేఫ్ మోడ్‌లోకి వెళ్లిపోయింది. పాపం దానికిచ్చిన సమాచారంతో అది సరిగ్గానే పనిచేసింది.

ఆ బండిలో ఆ స్పీడ్ సెన్సార్ గేర్‌బాక్స్‌లో ఉండదు. దాని వెనక ఉండే ట్రాన్స్‌ఫర్ కేస్ తోకలో ఉంటుంది. అక్కడ నుంచి వచ్చే వైరు ఒక ఇనప బ్రాకెట్‌కి రాసుకుని రాసుకుని తొడుగు ఊడింది. గతుకు తగిలితే ఇనుముకి ఆనుకుంటోంది. గేర్‌బాక్స్ మార్చినప్పుడు ఆ వైరుని పక్కకి జరిపి మళ్లీ పెట్టారు కాబట్టి తొమ్మిది రోజులు బాగుంది. మనం సర్వర్ రీస్టార్ట్ చేసి టికెట్ మూసేసి ఇంటికెళ్లినట్టే.

"దబ్" చప్పుడు? ప్రొపెల్లర్ షాఫ్ట్‌లో ముందుకీ వెనక్కీ జారే స్లిప్ యోక్ ఉంటుంది, అందులో గ్రీజు ఎండిపోయింది. నిపుల్‌కి గ్రీజు గన్ పెట్టి నాలుగు పంపులు కొట్టాడు. చప్పుడు పోయింది.

పరీక్షకి 165, వైరుకి, గ్రీజుకి, కూలికి కలిపి 85. మొత్తం 250 డాలర్లు. మావాడు బిల్లు చూసి నవ్వాడు. ఆ నవ్వు చూడలేక నేను బయటికెళ్లి నిలబడ్డాను.

పాత గేర్‌బాక్స్ ఏమైందంటారా? కోర్ కింద వాళ్లే తీసేసుకున్నారు. దాని పాన్ ఎవరూ విప్పి మాకు చూపించలేదు, మేమూ అడగలేదు. శవపరీక్ష లేకుండా దహనం చేసేశాం.

ఇప్పుడు నా అసలు వాదన. ఆ ఫ్రీ షాపు వాళ్లు దొంగలని నేననను. గేర్‌బాక్సులు అమ్ముకుని బతికే చోట ఉచితంగా చూసేది కొనుగోలుదారుణ్ణే, బండిని కాదు. వాళ్లకి జీతమొచ్చేది గేర్‌బాక్స్ అమ్ముడైతేనే. రెండు గంటలు కష్టపడి "వైరు రాసుకుంది, 85 ఇవ్వండి" అని చెప్తే వాళ్ల షాపు అద్దె ఎవరు కడతారు? ఉచిత పరీక్షకయ్యే ఖర్చు మనం కొనబోయే వస్తువులోనే కలిపి ఉంటుంది. అంచేత అది ఎప్పుడూ ఏదో ఒక వస్తువు కొనమనే చెప్తుంది. తప్పు ఎక్కువగా మనది. ఆలోచనకి డబ్బివ్వం, వస్తువుకి ఇస్తాం.

ఈ బుద్ధి మనకి అమెరికా విమానం ఎక్కాక రాలేదు. మాది బెజవాడ. ఆటోనగర్‌కి నాన్న స్కూటర్ మీద వెనక కూర్చుని ఎన్నిసార్లు వెళ్లానో. అక్కడ మిస్త్రీ బండి చప్పుడు విని, వాసన చూసి, ఒకటికి రెండుసార్లు నడిపి చూసి జబ్బు చెప్పేవాడు. ఆ చెప్పినందుకు ఒక్క రూపాయి తీసుకునేవాడు కాదు. అడిగితే నాన్నే "చూసినందుకు డబ్బులేంటయ్యా" అని ఉండేవారు. మరి ఆ మిస్త్రీ ఎలా బతకాలి? సామాను మార్చాలి, సామాను కొట్లో కమీషన్ తీసుకోవాలి. బుర్రకి కూలి ఇవ్వని ఊళ్లో చేతికి పని కల్పించుకోక తప్పదు. మారిస్తేనే తిండి అన్న పద్ధతి మనమే పెట్టి, "అనవసరంగా మార్చాడు" అని మనమే తిట్టాం.

అదే నాన్న డాక్టర్ దగ్గర నాడి చూసినందుకు ఫీజు చేతులు కట్టుకుని ఇచ్చేవారు. మందు రాయకపోయినా సరే, "ఏం లేదు, తగ్గిపోతుంది" అన్నా సరే, ఇచ్చేవారు. డాక్టర్ చూపుకి విలువుంది, మిస్త్రీ చూపుకి లేదు. ఎందుకో తెలుసా? ఒకరి చేతికి స్టెతస్కోప్ ఉంది, ఇంకొకరి చేతికి గ్రీజుంది. గ్రీజున్న చేతికి పైన బుర్ర ఉంటుందని ఒప్పుకోవడం మనకి చేతకాదు. చదువుకున్నవాళ్లం కదా!

ఇక మన సాఫ్ట్‌వేర్ వాళ్ల సంగతి చెప్పాలంటే సిగ్గేస్తుంది. డిస్కవరీ ఫేజ్ అని పేరు పెట్టి ఒక్క లైన్ కోడ్ రాయకుండా ఆరు వారాలు బిల్లు వేసే వృత్తి మనది. రూట్ కాజ్ ఎనాలిసిస్ అని డాక్యుమెంట్లు రాస్తాం, అయిదుసార్లు "ఎందుకు" అని అడగమని ట్రైనింగులు ఇస్తాం. క్లయింట్ "ఎస్టిమేట్ ఫ్రీగా ఇవ్వండి" అంటే ఎంత చిన్నబుచ్చుకుంటాం! అదే మనం శనివారం బండి తీసుకెళ్లి ఇంకొకడితో "చూసినందుకు డబ్బులా?" అంటాం.

కోపం కాస్త తగ్గింది. పనికొచ్చే మాటలు చెప్తాను. పాత ఫోర్ వీల్ డ్రైవ్ ఆటోమేటిక్ ఉన్నవాళ్లు ఇవి తెలుసుకుంటే ఎవరైనా "గేర్‌బాక్స్ పోయింది" అన్నప్పుడు అడగడానికి నాలుగు ప్రశ్నలైనా ఉంటాయి. సూత్రం ఒకటే: బయట నుంచి లోపలికి, చవక నుంచి ఖరీదుకి.

1. ఆయిల్. ఎక్కువ బళ్లలో వేడెక్కాక, ఇంజన్ తిరుగుతుండగా, సమంగా ఉన్న నేల మీద చూడాలి. పార్క్‌లోనా, న్యూట్రల్‌లోనా, ఇంజన్ ఆపాకా అన్నది బండిని బట్టి మారుతుంది, మీ మాన్యువల్ చెప్పినట్టు చెయ్యండి. డిప్‌స్టిక్ లేని బళ్లలో ఆయిల్ ఫలానా ఉష్ణోగ్రతలో ఉన్నప్పుడు చెక్ ప్లగ్ విప్పి చూడాలి. తక్కువైతే జారుతుంది, ఎక్కువైతే నురగొచ్చి అప్పుడూ జారుతుంది. రంగు ముదిరినంత మాత్రాన చచ్చిపోయినట్టు కాదు. మాడు వాసన వస్తే ఆలోచించాలి. స్ట్రాబెర్రీ మిల్క్‌షేక్‌లా గులాబీ రంగులో చిక్కగా ఉంటే రేడియేటర్‌లోని కూలెంట్ కలిసినట్టు, ఇక ఆ బండి నడపకండి. 2005 నుంచి 2010 మోడల్ దాకా నిస్సాన్ పాత్‌ఫైండర్లు ఉన్నవాళ్లకి ఇది బాగా తెలిసిన గొడవ. రేడియేటర్ లోపలే ఉండే ఆయిల్ కూలర్ చిట్లి గేర్‌బాక్సులు పాడయ్యాయి. అలాంటప్పుడు రేడియేటర్ సంగతి చూడకుండా గేర్‌బాక్స్ మారిస్తే కొత్తదీ అదే దారిన పోతుంది.

2. ఏ ఆయిల్? అన్నీ ఎర్రగానే ఉంటాయి, అన్నీ ఒకటి కాదు. క్రైస్లర్ 1989లో తెచ్చిన ఎలక్ట్రానిక్ గేర్‌బాక్సుల్లో వాళ్లు చెప్పిన ఆయిల్ బదులు డెక్స్రాన్ పోస్తే వణుకు పుట్టిన సంగతి ఆ రంగంలో అందరికీ తెలిసిందే. "లైఫ్‌టైమ్ ఆయిల్, మార్చక్కర్లేదు" అనే మాట కూడా నమ్మొద్దు. గేర్‌బాక్సులు తయారుచేసే జెడ్‌ఎఫ్ కంపెనీయే తన ఆరు గేర్ల ఆటోమేటిక్కులకి 80,000 నుంచి 1,20,000 కిలోమీటర్ల మధ్య మార్చమంటుంది.

3. టైర్లు, ఫోర్ వీల్ మోడ్. ఫోర్ వీల్ డ్రైవ్‌లో గేర్‌బాక్స్ వెనక ట్రాన్స్‌ఫర్ కేస్, దానికి ముందూ వెనకా రెండు షాఫ్టులు, రెండు డిఫరెన్షియల్స్. ఇన్ని వస్తువుల చప్పుళ్లూ డ్రైవర్‌కి ఒక్కచోట నుంచే వినిపిస్తాయి. ముందు టైర్లు కొత్తవి, వెనకవి అరిగినవి అయితే చుట్టుకొలతలు తేడా వస్తాయి. పార్ట్ టైమ్ సిస్టమ్‌ని పొడి తారు రోడ్డు మీద 4హెచ్‌లో తిప్పితే మలుపుల్లో బిగుసుకుని కుదుపులిస్తుంది. 2హెచ్‌లో పెడితే పోయిందా? అయితే గేర్‌బాక్స్‌ని తిట్టకండి.

4. షాఫ్టులు. ఆగి కదిలేటప్పుడు "దబ్" అంటే ముందు స్లిప్ యోక్‌కీ యూ జాయింట్లకీ గ్రీజు. దీనికయ్యే ఖర్చు ఒక గ్రీజు ట్యూబు.

5. వణుకు ఇంజన్‌దా, టార్క్ కన్వర్టర్‌దా? నలభై అయిదు, యాభైలో సమంగా వెళ్తూ వణుకు వచ్చినప్పుడు యాక్సిలరేటర్ కదపకుండా బ్రేక్ పెడల్‌ని లైటు వెలిగేంత మాత్రం తాకండి. కన్వర్టర్ లాకప్ వదిలేస్తుంది. వణుకు అప్పుడే ఆగితే లాకప్ వైపు చూడాలి. ఆగకపోతే స్పార్క్ ప్లగ్గులూ కాయిల్సూ ముందు చూడండి. వెనకెవరూ లేనప్పుడే చెయ్యండి బాబూ.

6. వైర్లు, స్విచ్‌లు, థ్రాటిల్ కేబుల్. పాతవాటిలో థ్రాటిల్ నుంచి గేర్‌బాక్స్‌కి కేబుల్ ఉంటే దాని బిగువు తేడా వల్లే గేర్లు ఆలస్యంగా, గట్టిగా పడొచ్చు. పాత టయోటా ఎ340 గేర్‌బాక్సుల్లో షిఫ్ట్ సోలినాయిడ్ల రెసిస్టెన్స్ 11 నుంచి 15 ఓమ్‌ల మధ్య ఉండాలి. అదే గేర్‌బాక్స్‌లో ఒక చక్కని పరీక్ష ఉంది. సోలినాయిడ్ కనెక్టర్ పీకేసి నడిపితే లివర్ ఎల్‌లో మొదటి గేరు, 2లో మూడో గేరు, డిలో ఓవర్‌డ్రైవ్ పడాలి. పడ్డాయంటే లోపలి యంత్రం చాలావరకు బాగున్నట్టు, రోగం కరెంటు వైపు ఉన్నట్టు. నెట్‌వర్క్ తీసేసి లోకల్‌లో రన్ చేసి చూడ్డమే కదా ఇది!

7. అప్పుడు లోపలికి. న్యూట్రల్ నుంచి డికి వేసినప్పుడు పట్టు దొరకడానికి ఎంతసేపు? టయోటా మాన్యువల్స్ 1.2 సెకన్ల లోపు అంటాయి, రివర్స్‌కి 1.5. తర్వాత స్టాల్ టెస్ట్. అది అయిదు సెకన్లు మించకూడదు, అలవాటు లేనివాళ్లు చెయ్యకూడదు. తర్వాత గేజ్ పెట్టి ఆయిల్ ప్రెజర్. ఆఖర్న పాన్ విప్పడం. అయస్కాంతం మీద మెత్తని బూడిద రంగు ముద్ద మామూలే. పెచ్చులు, పసుపు లోహపు పొడి, క్లచ్ ప్లేట్ల నల్ల ముక్కలు కనిపిస్తే అప్పుడు గేర్‌బాక్స్ పోయినట్టే. కన్నీళ్లు పెట్టుకుని మార్చేయండి, నేనేమీ అనను.

మావాడి బండికి ఈ ఏడిట్లో సగం ఒకటో అంకె మాత్రమే చేశారు. టిష్యూ మీద ఒక చుక్క.

ఇప్పుడు మీరనబోయేవి నాకు తెలుసు.

"డబ్బు తీసుకుని కూడా తప్పు చెప్తే?" చెప్పొచ్చు. ఫీజు కట్టినంత మాత్రాన నిజం పుట్టదు. అందుకే డబ్బిచ్చినప్పుడు కాగితం అడగండి: ఏ పరీక్ష చేశారు, ఎంత వచ్చింది, ఎంత రావాలి. ఈ మూడు కాలమ్స్ రాయలేనివాడికి ఫీజు అడిగే హక్కు లేదు. రాసిచ్చినవాడితో బేరమాడే హక్కు మనకి లేదు. ఆ కాగితం పట్టుకుని రిపేరు ఇంకో చోట చేయించుకున్నా తప్పులేదు.

"ఇరవయ్యేళ్ల బండికి ఇంత అవసరమా? అమ్మి పారేసి కొత్తది కొనుక్కోక!" ఈ మాట జీతమొస్తున్నవాళ్లది. మొన్న మొన్నటిదాకా నాదీ ఇదే మాట. ఉద్యోగం పోయినవాడికి ఆ పాత బండే ఇంటర్వ్యూకి తీసుకెళ్లే కాళ్లు. అయినా అమ్మడానికైనా రోగమేంటో తెలియాలి కదా. 250 డాలర్లతో బాగయ్యే బండిని "గేర్‌బాక్స్ పోయింది" అని చెప్పి స్క్రాప్ ధరకి అమ్ముకుంటారా?

"ఎవరికుంది అంత టైము?" మావాడి దగ్గర 60 రోజులు ఉండేవి. అందులో అయిదు రోజులు గేర్‌బాక్స్ మార్చడానికి పోయాయి, ఇంకో వారం గొడవపడటానికి పోయింది. ఆ 165 డాలర్ల ఆయన తీసుకున్నది గంటన్నర.

మే మొదటి వారంలో మావాడు హైదరాబాద్ వెళ్లిపోయాడు. వెళ్లేముందు బండి 3,100కి అమ్మాడు. కొన్నాయన అదృష్టవంతుడు. కొత్త గేర్‌బాక్స్, బాగుచేసిన వైరు, గ్రీజు పెట్టిన షాఫ్టు. అమ్మిన రోజు వాడు కాగితాలన్నీ ఒక కవర్లో పెట్టి, ఆ ఆయన రాసిచ్చిన పరీక్షల కాగితం అన్నిటికంటే పైన పెట్టాడు. నేను ఆ 4,200లో సగమైనా ఇస్తానంటే "ఊర్కో అన్నా, నువ్వేం చేస్తావ్" అన్నాడు. తీసుకోలేదు. ఇప్పుడు గచ్చిబౌలిలో ఉద్యోగం, బాగానే ఉన్నాడు. వారానికోసారి మాట్లాడుకుంటాం. బండి సంగతి మాత్రం ఇద్దరం ఎత్తం.

ఆ తర్వాత నేను చేసుకున్న మార్పు చిన్నది. బండి కావచ్చు, ఫ్రిజ్ కావచ్చు, ఇంటి పైపు కావచ్చు, వచ్చినవాణ్ణి ముందు "చూడ్డానికి ఎంత తీసుకుంటారు?" అని అడుగుతున్నాను. "ఫ్రీ అండీ" అంటే కాస్త జాగ్రత్తపడుతున్నాను. పోయినసారి బెజవాడ వెళ్లినప్పుడు నాన్న కారు ఏసీ చూసి "గ్యాస్ అక్కర్లేదండీ, ఫ్యూజ్ వదులైంది" అని నొక్కి వెళ్లిపోతున్న కుర్రాడికి అయిదొందలు ఇచ్చాను. వాడు తీసుకోడానికి మొహమాటపడ్డాడు. "ఏం చేశానని సార్?" అన్నాడు.

నాన్న లోపలికెళ్లాక అన్నారు, "చూసినందుకు అయిదొందలేంట్రా!"

అవును నాన్నా, చూసినందుకే.

తాజాకలం: కొన్ని పాత ఫోర్ వీల్ బళ్లలో ట్రాన్స్‌ఫర్ కేస్‌కి న్యూట్రల్ ఉంటుంది. అందులో పెట్టి, నిలబడ్డ బండిలో గేర్లు మార్చి చూస్తే చప్పుడు గేర్‌బాక్స్‌దా, దాని వెనకదా అన్నది కొంతవరకు తేలుతుంది. బరువు పడినప్పుడు మాత్రమే వచ్చే చప్పుళ్లు దీంట్లో దొరకవు. అన్నిటికంటే ముఖ్యం, ట్రాన్స్‌ఫర్ కేస్ న్యూట్రల్‌లో ఉంటే గేర్ లివర్ పార్క్‌లో ఉన్నా బండి ఆగదు, దొర్లిపోతుంది. హ్యాండ్ బ్రేక్ వేసి, చక్రాలకి రాళ్లు అడ్డం పెట్టాకే చెయ్యండి.